గాలిమర ఆగడం, తిరగడం ఎవరి చేతిలో? పవన విద్యుత్ క్షేత్రాల నిర్వహణలో పర్యవేక్షకుడి పని

ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడాల్లో పెద్ద గాలిమరల క్షేత్రం ఒక్కటీ లేదు. యమునా మైదానంలో ఏడాది పొడవునా వీచే గాలికి అంత బలం లేదు. అయినా దేశంలోని గాలిమరల గురించి రోజూ ఎక్కువ నిర్ణయాలు జరిగే ప్రాంతాల్లో ఇదొకటి. దేశం మొత్తం గ్రిడ్‌ను కనిపెట్టుకుని ఉండే నేషనల్ లోడ్ డిస్పాచ్ సెంటర్ దక్షిణ ఢిల్లీలోని కట్వారియా సరాయ్‌లో ఉంది. భద్రతా నిబంధనలు రాసే సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ రామకృష్ణాపురంలో ఉంది. రెన్యూ కంపెనీకి గురుగ్రామ్, ఐనాక్స్ విండ్‌కు నోయిడా కార్యస్థానాలు. గాలి వీచేది మాత్రం అనంతపురం, కర్నూలు కొండల మీద, జైసల్మేర్ ఇసుకలో, కచ్ తీరంలో, తమిళనాడు కనుమల్లో.

అంటే లెక్కలు చూసేవారికీ, టవర్ ఎక్కేవారికీ మధ్య పదిహేను వందల కిలోమీటర్ల దూరం ఉండవచ్చు. ఈ రెండు కొసలనూ కలిపి ఉంచేది సైట్‌లో ఉండే నిర్వహణ పర్యవేక్షకుడు. వాడుకలో సైట్ ఇన్‌చార్జ్ అంటారు. గాలిమర ఎలా పనిచేస్తుందో చెప్పే వ్యాసాలు తెలుగులో చాలానే ఉన్నాయి. దాన్ని ఎప్పుడు ఆపాలి, ఆపాక తిరిగి తిప్పే అధికారం ఎవరికుండాలి అన్న సంగతులు అంతగా చర్చకు రావు. మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉన్నది వాటి మీదే.

ఒకే గ్రిడ్, ఒకే లయ

2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైను ద్వారా దక్షిణాది గ్రిడ్‌ను మిగతా దేశంతో కలిపారు. ఆనాటి నుంచి ఢిల్లీలో తిరిగే ఫ్యానూ, ఉరవకొండ దగ్గర తిరిగే గాలిమర పంపే కరెంటూ ఒకే 50 హెర్ట్జ్ లయలో ఉన్నాయి. వాడకం ఉత్పత్తిని మించితే ఆ లయ దేశమంతటా ఒకేసారి కాస్త మందగిస్తుంది, ఉత్పత్తి ఎక్కువైతే వేగం పుంజుకుంటుంది. 2024 జూన్ 19న ఢిల్లీ నగరం ఒక్కటే 8,656 మెగావాట్ల గరిష్ఠ వాడకాన్ని చూసింది. అలాంటి రోజుల్లో ఏ మూల నుంచి ఎంత కరెంటు వస్తుందో ముందే తెలిసి ఉండాలి.

అందుకే రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి, ఒక్కో భాగంలో ఎంత ఉత్పత్తి చేస్తామో ప్రతి పెద్ద విద్యుత్ కేంద్రం ముందుగా చెప్పాలి. బొగ్గు కేంద్రానికి ఇది కొంత సులువు. గాలి మాత్రం ఒకరి మాట వినేది కాదు. దాన్ని అంచనా వేయడానికే గాలి, సౌర విద్యుత్ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల లోడ్ డిస్పాచ్ సెంటర్లలోనూ, ప్రాంతీయ, జాతీయ కేంద్రాల్లోనూ పునరుత్పాదక ఇంధన నిర్వహణ కేంద్రాలను ఏర్పాటు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర గ్రిడ్‌కు కలిసిన క్షేత్రం విజయవాడలోని రాష్ట్ర కేంద్రానికి జవాబు చెప్పుకుంటుంది. అంతర్రాష్ట్ర లైన్లకు కలిసినదైతే బెంగళూరులోని ప్రాంతీయ కేంద్రానికి. అందరికీ పైన ఢిల్లీ.

ఇక్కడ సైట్ ఇన్‌చార్జ్ పాత్ర ఎలా వస్తుందో ఒక లెక్కతో తెలుస్తుంది. 2 మెగావాట్ల గాలిమరలు 50 ఉన్న క్షేత్రం ఒకటి అనుకుందాం. మొత్తం 100 మెగావాట్లు. రేపు మధ్యాహ్నం వీచే గాలికి 60 మెగావాట్లు వస్తాయని వాతావరణ అంచనా. కానీ రేపు సర్వీసింగ్ కోసం పది మరలను ఆపుతున్నారు. అంటే నిజంగా వచ్చేది 48 మాత్రమే. ఆ సంగతి షెడ్యూలు వేసేవారికి చెప్పకపోతే గాలి అంచనా అక్షరాలా నిజమైనా 12 మెగావాట్ల తేడా వచ్చి పడుతుంది. దానికి గాలి అంచనాలోనే మరో 5 మెగావాట్ల పొరపాటు తోడైతే తేడా 17 శాతం. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2017లో తెచ్చిన నిబంధనల్లో చార్జీ లేకుండా వదిలిన హద్దు 15 శాతం. తేడాను లెక్కగట్టేటప్పుడు స్థాపిత సామర్థ్యంతో కాక అందుబాటులో ఉన్న సామర్థ్యంతో భాగిస్తారు. కాబట్టి ఏ మర ఆగి ఉంది, ఏది సిద్ధంగా ఉంది అని సైట్ నుంచి వెళ్లే మాట ఒక రిపోర్టుతో పోదు. నేరుగా డబ్బు లెక్కలోకి వస్తుంది.

గంట గంటకూ తేడా

నిర్వహణ బాగుందా లేదా అని చూడటానికి కంపెనీలు ఎక్కువగా వాడే కొలమానం లభ్యత. నెలలో మొత్తం గంటల్లో మర ఎన్ని గంటలు నడవడానికి సిద్ధంగా ఉందో చెప్పే శాతం అది. చూడటానికి సబబుగానే ఉంటుంది గానీ, అందులో ఒక లోపం ఉంది. అన్ని గంటలనూ ఒకే గాట కట్టేస్తుంది.

గాలిలోని శక్తి దాని వేగం ఘనానికి అనుపాతంలో ఉంటుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. 120 మీటర్ల వ్యాసంతో రెక్కలు తిరిగే మర ఒకటి తీసుకుంటే, ఆ రెక్కలు ఊడ్చే వైశాల్యం దాదాపు 11,300 చదరపు మీటర్లు. రాయలసీమ ఎండలో, పీఠభూమి ఎత్తులో గాలి కొంచెం పలచగా ఉంటుంది గనుక ఘనపు మీటరుకు 1.1 కిలోల బరువు అనుకుందాం. అందే శక్తిలో 40 శాతం కరెంటుగా మారిందని లెక్క వేద్దాం. సిద్ధాంతపరంగా 59.3 శాతాన్ని ఏ మరా దాటలేదని 1919లో ఆల్బర్ట్ బెట్జ్ తేల్చాడు. ఆచరణలో ఇంకా తక్కువే వస్తుంది. సెకనుకు 9 మీటర్ల గాలిలో ఆ మర సుమారు 1,800 కిలోవాట్లు ఇస్తుంది. 4.5 మీటర్ల గాలిలో అందులో ఎనిమిదో వంతు, అంటే 225 కిలోవాట్లే.

జూన్‌లో నైరుతి గాలి జోరుగా వీచే రోజు పది గంటలు ఆపితే 18 వేల యూనిట్లు పోతాయి. గాలి మందంగా ఉన్న రోజు అదే పది గంటలు ఆపితే పోయేది రెండు వేల పైచిలుకు యూనిట్లు. లభ్యత లెక్కలో రెండూ పది గంటలే! అందుకే అనుభవమున్న ఇన్‌చార్జ్ క్యాలెండరును గాలిని బట్టి రాసుకుంటాడు. ఏడాది సర్వీసింగులు, బోల్టుల బిగింపు పరీక్ష, గేర్‌బాక్స్ ఆయిల్ మార్పు, పిడుగుల ఎర్తింగ్ పరీక్ష వంటివన్నీ నైరుతి రాకముందే ముగించాలి. వర్షాకాలంలో అనివార్యమైన పనులకు రోజులో గాలి తగ్గే వేళ వెతుక్కోవాలి. రామగిరి కొండల మీద 1990ల్లో గాలిమరలు వెలిసినప్పటి నుంచీ ఆ ప్రాంతంలో పనిచేసినవారికి ఇది కొత్త కాదు. వానను అంతగా మోసుకురాని నైరుతి గాలులు అనంతపురం రైతుకు చేసిన అన్యాయాన్ని గాలిమరలకు మేలుగా మార్చాయి. ఆ గాలి నాలుగైదు నెలలే గట్టిగా ఉంటుంది.

జబ్బును ముందే పసిగట్టడానికి స్కాడా అనే పర్యవేక్షణ వ్యవస్థ ఉంటుంది. ప్రతి మర నుంచి బేరింగుల వేడి, ఆయిల్ ఒత్తిడి, రెక్కల కోణం, కంపనం వంటి కొలతలు నిమిష నిమిషానికీ కంట్రోల్ రూముకు చేరతాయి. గురుగ్రామ్‌లో తెర ముందు కూర్చున్న ఇంజినీరుకు సైట్‌లోని వారికంటే ఒక విషయంలో మెరుగైన చూపు ఉంటుంది. నూట యాభై మరలను పక్కపక్కన పెట్టి పోల్చగలడు. ఒక బేరింగు 68 డిగ్రీలు ఉండటం దానంతట అది అలారం కాకపోవచ్చు. కానీ అదే గాలిలో, అదే వరుసలో ఉన్న పొరుగు మరల బేరింగులు 60 దగ్గరుంటే అది చూడాల్సిన విషయమే. పోలిక లేని అంకె ఏమీ చెప్పదు.

ఇలా ముందే పట్టుకోవడానికి మరో బలమైన కారణం క్రేన్. నిమిషానికి పదిహేను చుట్లు తిరిగే రెక్కల వేగాన్ని జనరేటరుకు కావలసిన వెయ్యి పైచిలుకు చుట్లకు పెంచే గేర్‌బాక్స్ టన్నుల కొద్దీ బరువుంటుంది. అది పూర్తిగా చెడితే దించడానికి భారీ క్రేన్ కావాలి. గాలి గట్టిగా ఉన్నప్పుడు అంత ఎత్తున బరువులు ఎత్తడం కుదరదు. జూన్‌లో విరిగిన గేర్‌బాక్స్ కోసం గాలి తగ్గేదాకా చూస్తూ కూర్చోవలసి రావచ్చు. ఉత్పత్తికి మంచి నెలలే మరమ్మతుకు చెడ్డ నెలలు.

ఎల్‌సీ అంటే తెలిసినవారికి

తెలుగు ఊళ్లలో లైన్‌మన్ పని చూసినవారందరికీ ఎల్‌సీ అనే మాట తెలుసు. లైన్ క్లియర్. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకోవాలి, దిగాక తిరిగి ఇచ్చేయాలి. ఆ రెండింటి మధ్య ఎవరూ సరఫరా వదలకూడదు. ఎల్‌సీ ఉండగానే పొరపాటున కరెంటు వదిలితే ఏమవుతుందో పత్రికల్లో తరచూ చదువుతూనే ఉంటాం. గాలిమరల క్షేత్రంలో పర్మిట్ విధానానికీ మూలం ఇదే. సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ 2023లో తెచ్చిన భద్రతా నిబంధనలు గాలిమరల కేంద్రాలకూ వర్తిస్తాయి.

అయితే గాలిమరలో ప్రమాదం కరెంటుతో అయిపోదు. 33 కేవీ లైన్ ఆపినంత మాత్రాన మర చచ్చిన వస్తువు కాదు. గాలి వీస్తూనే ఉంటుంది, రెక్కలు తిరగాలనే చూస్తాయి. హైడ్రాలిక్ ట్యాంకుల్లో ఒత్తిడి నిలవ ఉంటుంది. రెక్కల కోణం మార్చే మోటార్ల వెనుక బ్యాటరీలు ఉంటాయి. కన్వర్టర్ లోపలి కెపాసిటర్లు స్విచ్ ఆపిన తరువాత కూడా కొన్ని నిమిషాలు చార్జితో ఉంటాయి. బ్రేకు వేసి హబ్‌లోకి దూరడం నేరంతో సమానం. రోటర్‌కు లోహపు పిన్ను అడ్డంగా దిగ్గొట్టి, దానికి తాళం వేసి, తాళంచెవి లోపలికి వెళ్లేవాడి జేబులో ఉంటేనే లోపలికి వెళ్లాలి. ఒక్కో పనికి గాలి ఎంత వేగం దాటితే ఆపాలో తయారీదారు మాన్యువల్‌లో రాసి ఉంటుంది. నాసెల్‌లో పనికి ఒక హద్దు, హబ్‌లో పనికి అంతకన్నా తక్కువ హద్దు. ఆ అంకెను ఇన్‌చార్జ్ కంఠతా పట్టి ఉండాలి. పైన ఉన్నవారికి తెర కనిపించదు, కింద ఉన్నవాడికే కనిపిస్తుంది.

దూరం నుంచి నడిపే సౌకర్యంతో కొత్త ప్రమాదం ఒకటి వచ్చింది. పూర్వం మరను తిప్పాలంటే ఎవరో ఒకరు టవర్ దగ్గరికి రావలసిందే. ఇప్పుడు వందల మైళ్ల దూరంలో మౌస్ నొక్కితే చాలు. తెర మీద 'ఆగింది' అని కనిపించే మర అలారం వల్ల ఆగిందా, మనుషులు లోపల ఉండి ఆపారా అన్నది కంట్రోల్ రూముకు ఖాయంగా తెలియాలి. అందుకే టవర్ అడుగున లోకల్, రిమోట్ అని ఒక స్విచ్ ఉంటుంది. బృందం లోపలికి అడుగుపెట్టగానే దాన్ని లోకల్‌కు తిప్పి తాళం వేయాలి. ఆ తరువాత బయటి నుంచి వచ్చే స్టార్ట్ ఆదేశాన్ని మర పట్టించుకోదు. ఈ స్విచ్ కాపాడినంతగా ఏ ఫోన్ కాలూ కాపాడదు. ఫోన్‌లో 'ఆపే ఉంచండి' అని చెప్పి పైకెక్కే అలవాటు ఏ సైట్‌లో ఉన్నా దాన్ని మొదటి రోజే మాన్పించాలి.

అలాగని మాటకు విలువ లేదని కాదు. అసలు చిక్కంతా మాటల్లోనే వస్తుంది. కంట్రోల్ రూములో హిందీ, ఇంగ్లీషు. సైట్‌లో తెలుగు, కన్నడం, తమిళం, ఒడియా మాట్లాడే టెక్నీషియన్లు. హిందీలో పదిహేడు 'సత్రహ్', డెబ్బై 'సత్తర్'. కొండ మీద గాలి హోరులో, సిగ్నల్ తెగిపోతూ వచ్చే ఫోన్‌లో ఈ రెండూ ఒకటిగా వినిపించడానికి ఎంతసేపు! ఇంగ్లీషులో సెవెంటీన్, సెవెంటీ కూడా అంతే. అందుకని మర సంఖ్యను అంకె అంకెగా విడదీసి 'ఒకటి, ఏడు' అని చెప్పడం, విన్నవారు దాన్ని తిరిగి చెప్పడం, చెప్పినవారు 'అవును' అన్నాకే పని మొదలుపెట్టడం అనేది నియమంగా ఉండాలి. విమానాల పైలట్లూ కంట్రోల్ టవర్లూ ఇదే పద్ధతి పాటిస్తారు. ఖర్చేమీ లేని జాగ్రత్త ఇది.

దిగే దారి

2013 అక్టోబరు 29న నెదర్లాండ్స్‌లోని ఊల్ట్‌గెన్స్‌ప్లాట్ దగ్గర ఒక గాలిమరలో నలుగురు మెకానిక్కులు పనిచేస్తుండగా పైన మంటలు లేచాయి. ఇద్దరు కిందికి రాగలిగారు. మిగతా ఇద్దరికి దారి మూసుకుపోయింది. నాసెల్ కప్పు మీద చిక్కుకున్న ఆ యువకులను కింద చేరిన అగ్నిమాపక దళం కాపాడలేకపోయింది. ఆ ఎత్తుకు వారి నిచ్చెనలు అందవు. నిచ్చెన అందని చోటుకు బయటి సాయమూ అందదన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకునే నిజం. నెదర్లాండ్స్‌లోనే అలా జరిగితే, వజ్రకరూరు కొండ సంగతి వేరే చెప్పాలా?

అందువల్ల రక్షించే బృందం పైన ఉన్న బృందమే. ఎవరూ ఒంటరిగా ఎక్కకూడదనే నియమం ఇందుకే. తాడుతో దిగే పరికరం వ్యానులో ఉంటే లాభం లేదు. పైకి తీసుకెళ్లాలి, అదీ మనుషులకూ మంటలకూ మధ్య కాకుండా, మనుషులు పనిచేసే వైపునే ఉంచాలి. బెల్టుకు వేలాడుతూ కదలలేని స్థితిలో చిక్కుకున్న మనిషికి కాళ్లలోనే రక్తం నిలిచిపోయి నిమిషాల్లో స్పృహ తప్పే ప్రమాదం ఉంది. అంబులెన్సు వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు. గాలిమరల సిబ్బందికి గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్ ప్రమాణాల ప్రకారం ఇచ్చే శిక్షణలో ఎత్తులో పని, ప్రథమ చికిత్స, అగ్ని ప్రమాదాలు, బరువులెత్తడం ముఖ్యాంశాలు. సర్టిఫికెట్ ఉన్నదీ లేనిదీ చూడటం సులువు. పోయిన నెలలో ఈ బృందం సైట్‌లోనే ఒక మనిషి బరువున్న బొమ్మను నాసెల్ నుంచి దించి చూసిందా అని అడగడం అంతకంటే పనికొచ్చే ప్రశ్న.

మెరుపుల విషయంలో సమయాన్ని లెక్కగట్టి చూడాలి. హబ్‌లో ఉన్నవారు బయటికి రావడానికి పది నిమిషాలు, వంద మీటర్ల నిచ్చెన దిగడానికి ఇరవై, టవర్‌కు దూరంగా వాహనంలోకి చేరడానికి ఐదు నిమిషాలు అనుకుంటే మొత్తం 35. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే ఉరుముల మేఘం ఈలోగా 23 కిలోమీటర్లు దాటేస్తుంది. అంటే ఉరుము చెవిన పడేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైనట్టు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన 'దామిని' మొబైల్ యాప్ చుట్టుపక్కల 20 నుంచి 40 కిలోమీటర్ల పరిధిలో పడుతున్న పిడుగుల సమాచారం చూపిస్తుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండే పని కింద ఉన్న ఒక మనిషికి ప్రత్యేకంగా అప్పగించాలి. అందరి పనీ అంటే ఎవరి పనీ కాదు.

మే నెల ఎండ గురించి కూడా ఒక మాట. ఇనుప టవర్ లోపల, నాసెల్ కప్పు కింద వేడి బయటికంటే చాలా ఎక్కువ. నిచ్చెన ఎక్కి చేరేసరికే టెక్నీషియన్ సగం అలసిపోతాడు. లిఫ్టు లేని పాత మరల్లో రోజుకు రెండోసారి ఎక్కించడం గురించి ఇన్‌చార్జ్ రెండుసార్లు ఆలోచించాలి. ఒకసారి ఎక్కినప్పుడే చేయగల పనులన్నీ కలిపి పర్మిట్‌లో రాసుకోవడం, సామాన్ల జాబితా కిందే సరిచూసుకోవడం మేలు. ఒక స్పానర్ మరిచిపోయి మళ్లీ దిగడం అంటే పోయేది గంట సమయం ఒక్కటే కాదు, ఆ మనిషి ఓపిక కూడా.

తిరిగి అప్పగించే వేళ

ఎక్కువ ఒత్తిడి సాయంత్రం వస్తుంది. గాలి పుంజుకుంటుంది, పక్క మరలు పూర్తి సామర్థ్యంతో తిరుగుతుంటాయి, 'ఇంకా ఎంతసేపు?' అని కంట్రోల్ రూము అడుగుతుంది. గంటకు 1,800 యూనిట్లు పోతున్న సంగతి అందరికీ తెలుసు. ఇన్‌చార్జ్ అప్పుడు ఇచ్చే జవాబు సమయంతో కాదు, స్థితితో ఉండాలి. 'పావుగంటలో' అనకుండా 'ఇద్దరూ పైనే ఉన్నారు, పిన్ను తీయలేదు' అనాలి. పావుగంట అన్న మాట తెర ముందున్నవారి చెవికి మాటిచ్చినట్టు వినిపిస్తుంది. ఆ మాట నిలబెట్టుకోవడానికి పైన ఉన్నవారు తొందరపడతారు. అసలు ఏ మర దగ్గర ఎంత గాలికి దిగిపోవాలి, ఏ పరిస్థితిలో పని ఆపాలి అన్నది ఉదయం పర్మిట్ రాసేటప్పుడే కాగితం మీద పెడితే సాయంత్రం వాదించవలసిన పని ఉండదు. పని ఆపే హక్కు బృందంలోని ఆఖరి ట్రెయినీకి కూడా ఉండాలి. మళ్లీ మొదలుపెట్టే హక్కు మాత్రం పర్మిట్ మీద సంతకం చేసిన ఒక్కరికే.

పని ముగిశాక క్రమం ఇలా సాగుతుంది. ముందు పనిముట్ల లెక్క. నాసెల్‌లో మరిచిన ఒక్క రెంచ్ చాలు గేర్‌బాక్స్‌ను దెబ్బతీయడానికి. తరువాత రోటర్ పిన్ను తీసి, ఎవరి తాళం వారే తీసుకుంటారు. దిగివచ్చినవారిని పేరు పెట్టి పిలిచి లెక్కిస్తారు. 'అందరూ దిగారా?' అన్న ప్రశ్నకు వచ్చే 'ఆ' అన్న జవాబును లెక్కగా తీసుకోరు. తలుపు వేశాక స్విచ్‌ను లోకల్‌లోనే ఉంచి మరను కాసేపు తిప్పి, వేడి, కంపనం చూస్తారు. అప్పుడు రిమోట్‌కు మార్చి, పర్మిట్ ముగించి, మర సంఖ్యను అంకె అంకెగా చెప్పి కంట్రోల్ రూముకు అప్పగిస్తారు.

ఆ మర ఇప్పుడు అందుబాటు సామర్థ్యంలో చేరుతుంది. పవన విద్యుత్ క్షేత్రాలు గంటన్నరకు ఒకసారి చొప్పున రోజుకు 16 సార్లు షెడ్యూలును సవరించుకోవచ్చని కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ 2015లో తెచ్చిన విధానం వీలు కల్పించింది. సాయంత్రం 4.40కి అప్పగించిన మర లెక్క తరువాతి సవరణలో షెడ్యూలులోకి ఎక్కుతుంది. 4.40కి అప్పగిస్తామని మధ్యాహ్నమే చెప్పి 5.30 దాకా అప్పగించలేకపోతే ఆ తేడా కూడా లెక్కకు వస్తుంది. ఆ చార్జీ ఎంతో ముందే లెక్కగట్టి బడ్జెట్‌లో ఒక పద్దుగా రాసుకున్న కంపెనీల్లో ఇన్‌చార్జ్‌కు సాయంత్రం పూట ఫోన్లు తక్కువగా వస్తాయి.